మార్మన్ మిషనరీగా వేరే దేశంలో రెండేళ్ళు: రోజంతా ఏం చేస్తారు, ఏం బోధిస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ పిన్ని కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు అవగానే చదువు ఆపి, మార్మన్ మిషనరీగా, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం తరఫున మతం చెప్పేవాడిగా, రెండేళ్ళు బయటి దేశం వెళ్తానంటున్నాడు. అక్కడ రోజంతా ఏం చేయిస్తారు, జీతం ఇస్తారా, ముక్కూమొహం తెలియనివాళ్ళకి మతం గురించి ఎలా చెబుతాడు, వెళ్ళినవాడు వెళ్ళినట్టు తిరిగి వస్తాడా అని పిన్నిగారికి టెన్షన్.

నేను వెళ్ళొచ్చినవాణ్ణే. 2013 ఫిబ్రవరి నుంచి 2015 ఫిబ్రవరి దాకా ఫిలిప్పీన్స్‌లో, ఎక్కువ భాగం సెబు దీవిలో ఉన్నాను. మాది సికింద్రాబాదు. వెళ్ళేనాటికి నాకు ఇరవై. కాబట్టి విన్నది కాకుండా పడ్డదే రాస్తాను. మీవాడికి వేరే దేశం పడితే తిండి, భాష మారతాయి కానీ దినచర్య దాదాపు ఇంతే.

ముందు డబ్బు సంగతి. జీతం లేదు, ఒక్క రూపాయి కూడా. పైగా మనమే ఎదురు కట్టాలి. నేను వెళ్ళినప్పుడు అమెరికా కుటుంబాలు నెలకు 400 డాలర్లు కట్టేవి, 2020 నుంచి అది 500 అయింది. మనలాంటి దేశాలవాళ్ళు కట్టగలిగినంత కడతారు, మిగతాది చర్చి నిధిలోంచి వస్తుంది. అక్కడ గది అద్దె వాళ్ళే చూసుకుంటారు. తిండికీ జీపు చార్జీలకూ నెలనెలా కొంత కార్డులో వేస్తారు. ఇరవై ఐదో తారీఖు వచ్చేసరికి గుడ్లూ అన్నంతోనే సరిపెట్టుకున్న నెలలు నాకు బాగానే గుర్తున్నాయి.

ఏ దేశమన్నది మన చేతిలో ఉండదు. దరఖాస్తు పంపితే అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలోని చర్చి పెద్దాఫీసు నుంచి ‘కాల్’, అంటే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పిలుపు, వస్తుంది. మీవాడు బయటి దేశం అంటున్నాడంటే ఆ కాల్ వచ్చేసిందేమో కనుక్కోండి. నాతోపాటు పంపిన ఇద్దరికీ మన దేశమే పడింది, నాకొక్కడికే సెబు. 2012 అక్టోబరులో మిషనరీగా వెళ్ళడానికి అబ్బాయిల కనీస వయసు 19 నుంచి 18కి, అమ్మాయిల వయసు 21 నుంచి 19కి తగ్గించారు. దాంతో ఒక్కసారిగా జనం ఎగబడ్డారు. ప్రపంచం మొత్తం మీద 58 వేలున్న మిషనరీలు ఏడాదిలోనే 80 వేలు దాటారు. ఆ వరదలో కొట్టుకుపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ 2012లోనే హైదరాబాదులో స్టేక్ పెట్టారు. స్టేక్ అంటే కొన్ని స్థానిక సంఘాల గుంపు, దేశంలో అదే మొదటిది. మా పెద్దలంతా ఆ ఊపులో ఉన్నారు. ‘వెళ్ళవా?’ అని అడిగేవాళ్ళు లేరు, ‘ఎప్పుడు వెళ్తున్నావ్?’ అనే అడిగేవాళ్ళు. అబ్బాయిలకు రెండేళ్ళు, అమ్మాయిలకు పద్దెనిమిది నెలలు.

మొదట మనీలాలోని శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు. పొద్దున్నుంచి రాత్రి దాకా సెబువానో భాష, పాఠాలు, మళ్ళీ సెబువానో. ఆ తర్వాత నేరుగా వీధిలోకి.

మా రోజుల్లో రోజు ఇలా ఉండేది, 2017లో వేళలు కొంత సడలించారు. పొద్దున 6:30కి లేవాలి. ఆదివారమైనా అంతే, జ్వరం వస్తే తప్ప. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. ఎనిమిదింటికి ఒక్కడే కూర్చుని చదువుకోవాలి, తొమ్మిదింటికి జోడీతో కలిసి. కొత్తవాళ్ళకి ఆపైన భాష. పదికో పదకొండుకో బయటపడితే మళ్ళీ గది చేరేది రాత్రి తొమ్మిదికి. పదిన్నరకి దీపం ఆర్పాలి. టీవీ లేదు, సినిమా లేదు, అమ్మాయిలతో కబుర్లు అసలే లేవు. అప్పట్లో ఇద్దరికీ కలిపి ఒక బటన్ల ఫోను. సోమవారం పగలు మాత్రం సెలవు. ఆ రోజు బట్టలు ఉతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, నెట్ సెంటర్లో కూర్చుని ఇంటికి ఈమెయిల్ రాసుకోవాలి. సాయంత్రం ఆరింటికి మళ్ళీ టై కట్టుకోవాల్సిందే.

ఇంటికి ఫోను మా రోజుల్లో ఏడాదికి రెండేసార్లు. క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. మా అమ్మ ఆ రెండో ఫోనులో పదినిమిషాలు ఏడ్చి, మిగతా టైమంతా నేనేం తింటున్నానో అడిగింది. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి వారం ఫోను, వీడియో కాల్ చేసుకోవచ్చని మార్చారు. ఈ ఒక్క ముక్క పిన్నిగారికి ముందు చెప్పండి, సగం భయం తగ్గుతుంది.

అన్నిటికంటే కష్టమైంది జోడీ. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. స్నానాల గది తప్ప ఎక్కడికెళ్ళినా ఇద్దరూ ఒకరికొకరు కనబడుతూ ఉండాలి. ఎవరితో ఉండాలో మనం ఎంచుకోం. ఆరువారాలకొకసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది, జోడీ మారవచ్చు, ఊరూ మారవచ్చు. రెండేళ్ళలో నాకు పదకొండు మంది జోడీలు. ఒకతను టోంగా నుంచి వచ్చాడు, నిద్రలో కూడా పాటలు పాడేవాడు. ఇంకొకతను యూటా నుంచి. వచ్చిన మొదటి రోజు స్నానాలగదిలో బక్కెట్టూ మగ్గూ చూసి, వీటితో ఏం చెయ్యాలని అడిగాడు. నవ్వాపుకుని చూపించాను. చెంబుతో నీళ్ళు పోసుకోవడం రావడం కూడా ఒక అర్హతేనని ఆ రోజు తెలిసింది. బట్టలు బేసిన్‌లో సబ్బేసి బ్రష్షుతో ఉతకడం, అన్నం మూడు పూటలా తినడం, కరెంటు పోతే కంగారు పడకపోవడం, వీటన్నిటిలో మనవాళ్ళు ఎప్పుడూ రెండడుగులు ముందే. ‘బువాద్’ అని ఎండుచేప వేయిస్తారు. వాసనకి అమెరికా కుర్రాళ్ళు కిటికీ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. నేను మాత్రం కాకినాడలో అమ్మమ్మ వంటింట్లో ఉన్నట్టు కూర్చునేవాణ్ణి.

ఒకే మనిషితో ఇరవైనాలుగు గంటలు ఉంటే చిన్నవి పెద్దవైపోతాయి. ఒకతను చెంచా గిన్నెకి తగిలించి టింగుటింగుమని తినేవాడు. దాని మీద మేం మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాలుగోరోజు ఒకరి ఇంట్లో ప్రేమ గురించి, క్షమాపణ గురించి పాఠం చెప్పాల్సి వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చచ్చాం.

ఇక బోధన. ఫిలిప్పీన్స్‌లో తలుపు తట్టరు. గేటు బయట నిలబడి ‘ఆయో!’ అని కేకేస్తారు. లోపలినుంచి ‘దాయోన్!’ అంటే రమ్మని. జనం మంచివాళ్ళు, మొహం మీద తలుపు వేసేవాళ్ళు తక్కువ. తెల్ల కుర్రాళ్ళు కనబడితే పిల్లలంతా ‘హే జో!’ అంటూ వెంటపడతారు. నా సంగతి మాత్రం వేరు. నన్ను చూస్తే వీధే ఖాళీ అయ్యేది.

మొదటి వారం నాకు అర్థం కాలేదు. మేం మలుపు తిరగ్గానే అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు లేచి లోపలికి పోయేవాళ్ళు. ఒక చిల్లరకొట్టు ముందు నిలబడి ‘ఆయో!’ అన్నాను. ఆరేళ్ళ పిల్లాడు తల బయటపెట్టి, ‘మామా ఇంట్లో లేదు’ అన్నాడు. మామా అంటే అక్కడ అమ్మ. ఎప్పుడొస్తుందని నా జోడీ అడిగాడు. వాడు లోపలికి తిరిగి ‘మామా, ఎప్పుడొస్తావని అడుగుతున్నారు’ అని అరిచాడు.

అప్పుడు చెప్పాడు జోడీ. ఫిలిప్పీన్స్‌లో భారతీయుల్ని ‘బుంబాయ్’ అంటారు. బొంబాయి నుంచి వచ్చిన మాట. అక్కడి మనవాళ్ళలో చాలామంది పంజాబీలు. మోటారు సైకిల్ మీద వీధి వీధి తిరిగి అప్పులిస్తారు. దాని పేరు ‘ఫైవ్-సిక్స్’, అంటే ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి, రోజువారీ వసూలు. మన దగ్గర డైలీ ఫైనాన్స్ వాళ్ళు లేరూ, అచ్చం అలాగే. గొడుగులు, దుప్పట్లు, ఫ్యాన్లు కూడా వాయిదాల మీద అమ్ముతారు. అన్నం తినకపోతే బుంబాయ్ ఎత్తుకుపోతాడని పిల్లల్ని భయపెడతారు. మన బూచాడన్నమాట. నేనేమో నల్లగా, టిప్‌టాప్‌గా, వీపున బ్యాగు, చేతిలో గొడుగు. ఇంకేం కావాలి!

తెలిశాక పద్ధతి మార్చాం. ‘ఆయో’ అనగానే మొదటి మాట ‘నేను ఫైవ్-సిక్స్ కాదు, డబ్బులు లేవు, గొడుగు నాదే’ అని. చాలామంది నవ్వేసేవాళ్ళు. నవ్వితే కూర్చోమంటారు. కూర్చోమంటే లీటరు కోకు తెస్తారు. ఆ కోకుకి పెట్టిన డబ్బు వాళ్ళకి ఆ రోజు కూలీలో ఎంత భాగమో తెలిసి తాగడం అంత తేలిక కాదు. వద్దంటే బాధపడతారు.

కూర్చున్నాక ఏం చెబుతాం? మా చర్చి పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. మార్మన్లు అనేది జనం వాడే మాట. చర్చివాళ్ళు 2018 నుంచి పూర్తి పేరే వాడమంటున్నారు. 1820లో న్యూయార్క్ రాష్ట్రంలో పద్నాలుగేళ్ళ జోసెఫ్ స్మిత్ అడవిలో ప్రార్థన చేస్తే దేవుడూ క్రీస్తూ కనబడ్డారన్నది మా మొదటి పాఠం. తర్వాత మోర్మన్ గ్రంథము (బైబిలుతోపాటు మేం పవిత్రమని చదివే పుస్తకం), చావు తర్వాత సంగతి, విశ్వాసం, పశ్చాత్తాపం, బాప్తిస్మం, ఆ తర్వాత ఆజ్ఞలు. మా శిక్షణ పుస్తకం పాఠాన్ని వల్లెవేయొద్దు, ఎదుటి మనిషిని బట్టి చెప్పు అంటుంది. కొత్తల్లో ఎవరు వింటారు? నేను మొదటి రెండు నెలలు టేప్‌రికార్డరులా వాగాను. భాష రాక, మధ్యలో ఆగితే మర్చిపోతానని భయం. వాళ్ళు తల ఊపుతూ ఉండేవాళ్ళు. ఆదివారం చర్చికి వస్తారా అంటే ‘పూహోన్’ అనేవాళ్ళు. దేవుడు తలిస్తే ఎప్పుడో ఒకప్పుడు అని దాని అర్థం. మన ‘చూద్దాంలెండి’కి అన్నదమ్ముడు. నేనది ‘తప్పకుండా’ అనుకుని నాలుగు ఆదివారాలు చర్చి గేటు దగ్గర కాపలా కాశాను.

భాషలో మాత్రం కొన్ని బహుమతులు దొరికాయి. సాక్షిని అక్కడ కూడా ‘సాక్సి’ అంటారు, సంస్కృతం నుంచి ఏనాడో ఓడలెక్కి వెళ్ళిన మాట. మమ్మల్ని చూసి ‘మీరు సాక్సీలా?’ అని, అంటే యెహోవా సాక్షులా అని అడిగేవాళ్ళు. తల్లిని ‘నానాయ్’ అంటారు, తండ్రిని ‘తాతాయ్’ అంటారు. నాన్న అమ్మ అయ్యాడు, తాత నాన్న అయ్యాడు! నా ట్రైనర్ లూజాన్ దీవివాడు, తగలాగ్ మాట్లాడేవాడు. తగలాగ్‌లో ‘లంగ్గామ్’ అంటే చీమ, సెబువానోలో అదే మాటకి పిట్ట. ఇంటి యజమానురాలి దగ్గరికి వెళ్ళి, మా పంచదార డబ్బాలోకి పిట్టలు దూరుతున్నాయి, మందు కావాలన్నాడు. ఆవిడ మమ్మల్ని చాలాసేపు చూసింది.

చిల్లరకొట్టు సంగతి చెప్పాలి, ఎందుకంటే బోధన అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే. ఆ పిల్లాడి తల్లి చివరికి బయటికి వచ్చింది. నిజంగానే ఒక బుంబాయ్‌కి బాకీ ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఆవిణ్ణి నానాయ్ అనే పిలిచేవాళ్ళం. ఆవిడ మమ్మల్ని ‘ఎల్డర్’ అనేది, మగ మిషనరీలని అలాగే పిలుస్తారు. మేం పాఠం చెబుతుంటే కొట్టు చూసుకుంటూనే వినేది. షాంపూ పాకెట్టు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, ‘ఊఁ, తర్వాత?’ అనేది. మిగతావాళ్ళు మర్యాదకి తలూపితే ఆవిడ ఎదురు ప్రశ్నలు వేసేది. పుట్టి చనిపోయిన తన రెండో బిడ్డ ఎక్కడున్నాడని అడిగింది. దానికి వల్లెవేసిన పాఠంలో పేరా ఉంది కానీ నోరు పెగల్లేదు. ఆ రోజు మేం చెప్పింది తక్కువ, విన్నది ఎక్కువ. మర్నాటి నుంచి ఆవిడే మా కోసం ఎదురుచూసేది. ఆదివారాలు పిల్లల్ని తీసుకుని చర్చికి వచ్చేది. కాఫీ మానడం అన్నిటికంటే కష్టమైంది. మా చర్చిలో టీ, కాఫీ, సారా, పొగ లేవు. అక్కడేమో కూర లేని రోజు పిల్లలకి అన్నంలో కాఫీ పోసి పెడతారు.

తర్వాతి పాఠం దగ్గర ఆగిపోయాం. పెళ్ళి కాకుండా కలిసి ఉంటున్నవాళ్ళకి బాప్తిస్మం ఇవ్వరు. పెళ్ళైనా చేసుకోవాలి, విడిగానైనా ఉండాలి. ఆవిడ మొదటి భర్త మిందనావో దీవికి వెళ్ళిపోయి పన్నెండేళ్ళు. ఇప్పుడు కలిసి ఉంటున్న మనిషి మంచివాడు, పిల్లలు అతనివాళ్ళే. పెళ్ళి చేసుకోవాలంటే మొదటిది రద్దు కావాలి. ఫిలిప్పీన్స్‌లో విడాకుల చట్టమే లేదు, ముస్లింలకు తప్ప. పెళ్ళి చెల్లదని కోర్టులో తేల్చుకోవచ్చు కానీ లాయరు ఖర్చు ఆ కొట్టు మొత్తం అమ్మినా రాదు. ఇరవై ఏళ్ళవాణ్ణి, పెళ్ళి అంటే ఏమిటో తెలియనివాణ్ణి, ఆవిడ ముందు కూర్చుని విడిగా ఉండాలి అని చెప్పాను. ఆవిడ వెల్లుల్లి ఒలుస్తోంది. చేయి ఆపలేదు.

‘మరి వీళ్ళకి రేపు అన్నం ఎవరు పెడతారు, ఎల్డర్?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఆవిడే ‘పూహోన్’ అంది. ఈసారి అర్థమైంది. మూడు వారాలకి నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. పెద్ద కొడుకు తల్లి సంతకంతో బాప్తిస్మం తీసుకున్నాడని తర్వాత వచ్చిన ఎల్డర్లు చెప్పారు. ఆవిడ తీసుకోలేదు. ఆ నియమం ఎందుకుందో నేను మీకు చెప్పగలను. ఆవిడ విషయంలో మాత్రం నాకిప్పటికీ గొంతులో ముల్లే.

చర్చిలో నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది, అంకెలు. ప్రతి ఆదివారం రాత్రి ఫోన్ చేసి ఎన్ని పాఠాలు చెప్పాం, చర్చికి ఎంతమంది వచ్చారు, ఎంతమంది బాప్తిస్మానికి తేదీ పెట్టుకున్నారు అని లెక్క చెప్పాల్సి వచ్చేది. మా లీడర్ ఒకడు సున్నా చెబితే నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పుకి భయపడి తొందరపెట్టిన వాళ్ళున్నారు. తొందరపడి వచ్చినవాళ్ళు తొందరగానే మానేస్తారు. మీవాడికి ఇది ముందే చెప్పండి. అంకెలు తక్కువైతే అతనిలో లోపం ఉందని కాదు.

2013 చివర్లో పాఠాలన్నీ పక్కకి పోయాయి. అక్టోబరు 15న బోహోల్‌లో భూకంపం వస్తే సెబులో మా గది గోడ చీలింది. నవంబరు 8న యోలాండా తుపాను. మమ్మల్ని ఉత్తరాన బోగో వైపు పంపారు. పసుపు జాకెట్లు వేసుకుని కొన్ని వారాలు జీఐ రేకులు మోశాం, ఇళ్ళ కప్పులు వేశాం. నేను అంతకుముందు సుత్తి పట్టినవాణ్ణి కాదు. బొటనవేలు గోరు ఊడింది. అక్కడొక తాతాయ్ మా మిషనరీలని ఒకప్పుడు గేటు దగ్గరినుంచే పొమ్మన్నవాడు. ఇప్పుడు నిచ్చెన కింద నిలబడి ‘బుంబాయ్, ఇదిగో మేకులు!’ అంటూ అందించేవాడు. మధ్యాహ్నం తన ఎండుచేప నాకు సగం పెట్టేవాడు. మా పాఠం ఒక్కటీ వినలేదు. నేనూ అడగలేదు. ఆ రోజుల్లో బియ్యం మూటల కోసం చర్చికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు మతం మాట ఎత్తకపోవడమే మంచిదని నాకనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక మారిపోతాడా అన్న ప్రశ్న. మారతాడు. తిరిగొచ్చాక మొదటి వారం ప్యారడైజ్ దగ్గర బస్సు కోసం నిలబడి, నా జోడీ ఎక్కడ తప్పిపోయాడా అని వెనక్కి వెనక్కి చూశాను. తెలుగు మాట్లాడుతూ మధ్యలో సెబువానో వచ్చేసేది. పదిన్నరకి కళ్ళు మూతలు పడేవి. ఇవన్నీ రెండు నెలల్లో పోతాయి. ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడాలంటే ఉండే భయం మాత్రం వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఇంటర్వ్యూలలో అది పనికొచ్చింది.

ఒకటి మాత్రం పిన్నిగారు గట్టిగా పట్టుకోవాలి. కొందరు మధ్యలో తిరిగి వచ్చేస్తారు. ఒంట్లో బాగోక, నిద్ర పట్టక, ఇంటిమీద బెంగతో. నా బ్యాచ్‌లో ఒకబ్బాయి ఏడు నెలలకి వచ్చేశాడు. మిషన్ కంటే, వచ్చాక చుట్టాలు అడిగిన ప్రశ్నలే వాణ్ణి ఎక్కువ కుంగదీశాయి. మీవాడు రావాలనుకుంటే రావచ్చు, ఎవరూ కట్టేసి ఉంచరు. ఆ మాట వెళ్ళేముందే ఇంట్లోవాళ్ళ నోటినుంచి అతను వినాలి. కాలేజీ నుంచి రెండేళ్ళ విరామానికి అనుమతి కాగితం మీద తీసుకోమనండి, నోటిమాట నమ్మొద్దు. నాది నోటిమాటే, తిరిగొచ్చి ఒక సెమిస్టరు పోగొట్టుకున్నాను.

సామానులో రెండు జతల గట్టి బూట్లు పెట్టండి, నడక మామూలుగా ఉండదు. నల్లప్యాంట్లు దళసరివి వద్దు, వేడి దేశమైతే చస్తాడు. కారప్పొడి, కరివేపాకు పొడి ఎన్ని పెట్టినా ఫర్వాలేదు. ఆవకాయ సీసా మాత్రం వద్దు. నాది విమానంలోనే మూత ఊడింది. పది తెల్ల చొక్కాల్లో ఏడింటికి నూనె పట్టింది. ‘పరిశుద్ధులు’ అని పేరు పెట్టుకున్న చర్చి మిషనరీ మనీలాలో మొదటి వారమంతా పసుపు మరకల చొక్కాలతో తిరిగాడు.